మస్టరుతో పాటు పనితనమూ లెక్కలోకి రావాలి: సింగరేణి యాజమాన్యానికి బహిరంగ లేఖ

సింగరేణి కాలరీస్ కంపెనీ ఛైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి, డైరెక్టర్ (పర్సనల్) గారికి, బోర్డు సభ్యులకు

సింగరేణిలో మనిషికి మొదటి గుర్తింపు మస్టర్. బాయి (గని) మీదికి వచ్చి డ్యూటీ ఎక్కిన రోజు మస్టర్ పడుతుంది, రాని రోజు పడదు. బదిలీ (తాత్కాలిక) వర్కర్‌గా చేరినవాడు పర్మినెంట్ కావాలంటే ఏడాదిలో భూగర్భంలోనైతే 190, ఉపరితలంలోనైతే 240 మస్టర్లు నింపాలి. ఏడాదికి వంద మస్టర్లు కూడా లేనివాడికి చార్జిషీటు వస్తుంది, వ్యవహారం డిస్మిస్ దాకా పోతుంది. సెలవులు, లాభాల వాటా, క్యాటగిరీ ప్రమోషన్, అన్నిట్లోనూ ఈ లెక్క ఉంటుంది. మనిషి వచ్చాడా లేదా అన్నది కంపెనీకి దశాబ్దాలుగా పక్కాగా తెలుసు. వచ్చిన మనిషికి ఏ పని వచ్చు, ఏది నేర్పాలి, నేర్పితే ఎక్కడ పనికొస్తాడు అన్న వివరం మీద ఆధారపడి జరిగే నిర్ణయాలు మాత్రం చాలా తక్కువ. కొలువు ఇవ్వడంలో, పని నేర్పడంలో, రోజువారీ పని నడపడంలో కంపెనీకి ఎదురవుతున్న చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

మస్టర్ లెక్క పుట్టిన కాలానికి అది సరిపోయింది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న ఇప్పటి పేరుతో కంపెనీ రిజిస్టరైంది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. బెల్లంపల్లి వైపు గనులు 1920ల చివర్లో, గోదావరిఖని వైపు 1960 ప్రాంతంలో తెరుచుకున్నాయి. ఆ బాయిల్లోకి దిగినవాళ్లలో ఎక్కువమంది కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లోని రైతు కూలీలు, చేతివృత్తులవాళ్లు. భూమి కింద పని వాళ్ల తాతలెవరూ చేయలేదు.

అప్పటి పని తట్టా చెమ్మస్ (గంప, పార) పని. కోల్ ఫిల్లర్ ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. అందువల్ల హాజరు ఎంతో, పని ఎంతో రెండూ ఇట్టే తేలిపోయేవి. పనితనం పెద్దమనిషి పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి రాయి గట్టిదో ఊడిపడేదో చెప్పడం, దిమ్మె ఎక్కడ నిలబెడితే బరువు ఆగుతుందో గుర్తించడం, గాలి ఆడని చోటును ఊపిరితోనే పసిగట్టడం, ఇవన్నీ అలా చేతి నుంచి చేతికి వచ్చినవే. ఈ విద్యను ఏ కాగితం మీదా రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా అప్పుడు కనిపించలేదు, ఎందుకంటే నేర్పేవాడు, నేర్చుకునేవాడు బొగ్గు తవ్వే ఒకే ముఖం మీద, ఒకే షిఫ్టులో ఉండేవాళ్లు.

ఇప్పుడు పని స్వరూపమే వేరు. చేతితో టబ్బు నింపడం దాదాపు కనుమరుగైంది. భూగర్భంలో బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. రామగుండంలోని అడ్రియాల ప్రాజెక్టులో 2014 నుంచి పొడవాటి ముఖాన్ని ఒకేసారి కోసే లాంగ్‌వాల్ యంత్రం నడుస్తోంది. బొగ్గులో చాలా భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది, అక్కడ వంద టన్నుల డంపర్లు, పెద్ద షావెళ్లు తిరుగుతున్నాయి. మనుషుల సంఖ్య కూడా అదే దారిలో తగ్గింది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న కార్మికులు 2024 నాటికి 41,837 మంది. లక్ష మంది ఉన్నప్పుడు ఒకడికి పని రాకపోతే పక్కవాడు సర్దుకునేవాడు. నలభై వేల మందితో, కోట్ల విలువైన యంత్రాలతో నడిచే కంపెనీలో ఆ సర్దుబాటుకు చోటు లేదు. లాంగ్‌వాల్ ముఖం మీద ఒక్క ఆపరేటర్ తడబడితే మొత్తం ముఖం ఆగిపోతుంది.

ఈ మార్పుకు తగ్గట్టుగా మారనిది కొలువులోకి వచ్చే దారి. సింగరేణిలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి బయటి నోటిఫికేషన్. 2022లో 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు పరీక్ష పెడితే లక్షకు దగ్గరగా దరఖాస్తులు వచ్చాయి. ఈ ప్రాంతంలో కొలువు ఎంత కరువో చెప్పడానికి వేరే లెక్క అక్కర్లేదు. రెండోది కార్మికుడి వారసులకు ఇచ్చే కొలువు. సంఖ్యలో ఇదే పెద్ద దారి. బొగ్గు పరిశ్రమ ఉమ్మడి ద్విపక్ష సంఘం కుదుర్చుకునే జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల్లో దీనికి పునాది ఉంది. తొమ్మిదో అధ్యాయం కింద, పనిలో ఉండగా చనిపోయిన కార్మికుడి కుటుంబానికి, శాశ్వతంగా పనికి అనర్హుడైన కార్మికుడి కుటుంబానికి కొలువు ఇవ్వాలి. మహిళా వారసులైతే కొలువుకు బదులు నెలనెలా భృతి తీసుకునే వీలూ ఉంది.

సింగరేణిలో ఈ దారికి ఎన్నో మలుపులున్నాయి. స్వచ్ఛందంగా దిగిపోయి కొడుకుకు కొలువు ఇప్పించే పద్ధతి 1998 ప్రాంతంలో ఆగిపోయింది. దాన్ని తిరిగి తెస్తూ 2016లో బోర్డు వారసత్వ ఉద్యోగాల పథకానికి ఆమోదం తెలిపింది. ప్రభుత్వ రంగంలో కొలువును వారసత్వంగా ఇవ్వడం రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలకు విరుద్ధమని 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మరుసటి నెలలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. 2018 నుంచి మెడికల్ అన్‌ఫిట్ ప్రాతిపదికన కారుణ్య నియామకాలు నడుస్తున్నాయి. పదవీ విరమణ వయసు 2021లో 60 నుంచి 61కి పెరిగింది. తండ్రి కొలువు దిగే వయసు పెరిగేకొద్దీ కొడుకు వయసూ పెరుగుతుంది కనుక వారసుల వయోపరిమితిని 35 నుంచి 40కి పెంచాల్సి వచ్చింది.

కోర్టుల మాటలో తేడాను గమనించాలి. కారుణ్య నియామకం హక్కుగా సంక్రమించే ఆస్తి కాదని, ఆదాయం కోల్పోయిన కుటుంబాన్ని ఆపద నుంచి గట్టెక్కించే ఏర్పాటని సుప్రీంకోర్టు 1994లోనే ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో చెప్పింది. అనారోగ్యంతో పదవి వదిలినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకాలు ఇవ్వడం చెల్లుతుందని 2008లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన మరో కేసులో చెప్పింది. ఆపదలో ఉన్న కుటుంబానికి కొలువు ఇవ్వడం న్యాయం. సింగరేణి దాన్ని కొనసాగించడమే సరైనది. బొగ్గు దుమ్ము పీల్చి, మోకాళ్లు అరిగి, వెన్ను వంగిన మనిషి ఇంటికి కంపెనీ రుణపడే ఉంటుంది. అయితే ఆ న్యాయం కొలువు ఎవరికి అన్న ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆ మనిషితో ఏ పని చేయించాలి అన్న ప్రశ్నను అది తాకదు. సింగరేణి రెండు ప్రశ్నలనూ ఒకే కాగితంతో ముగిస్తోంది.

ఫలితం ప్రతి బాయి మీదా కనిపిస్తుంది. పదో తరగతితో ఆగినవాడు, ఐటీఐ ఫిట్టర్, బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో మైనింగ్ డిప్లొమా చేసినవాడు, బీటెక్ చదివినవాడు అందరూ ఒకే గుమ్మం నుంచి, ఒకే క్యాటగిరీలో వస్తారు. ఐటీఐ చదివిన కుర్రాడు బెల్టు కింద పడ్డ బొగ్గును పారతో ఎత్తుతూ ఏళ్లు గడుపుతాడు. అదే బాయి మీద ఫిట్టర్ పోస్టు ఖాళీగా ఉంటే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తారు. ఇంటర్నల్ నోటిఫికేషన్ వచ్చేసరికి అతడు చదివిన చదువు తుప్పు పట్టి ఉంటుంది. ఈలోగా ‘యాక్టింగ్’ పేరుతో ఎవరో ఒకరు పైపని చేస్తుంటారు. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది పిట్ ఆఫీసులో పలుకుబడిని బట్టి తేలుతుందన్న అభిప్రాయం కార్మికుల్లో బలంగా ఉంది. ఈ అభిప్రాయం పూర్తిగా నిజమా కాదా అన్నది పక్కన పెట్టినా, కాదని చూపించడానికి కంపెనీ దగ్గర అందరికీ కనిపించే పద్దు లేకపోవడం పెద్ద లోపం. పద్దు లేనిచోట పైరవీ నిలబడుతుంది.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. తండ్రి అన్‌ఫిట్ అయిన రోజుకూ కొడుకు లేదా కూతురు చేరే రోజుకూ మధ్య కొన్ని నెలల గడువు ఎట్లాగూ ఉంటుంది. ఆ గడువులో చదువు, చేతిపని, యంత్రాల మీద అవగాహన, శరీర దృఢత్వం, ఎత్తు లేదా చీకటి అంటే భయం ఉందా లేదా, ఇవన్నీ తెలుసుకునే పరీక్ష ఒకటి జరపాలి. ఇది కొలువు ఇవ్వడానికో ఆపడానికో పెట్టే పరీక్ష కాకూడదు. ముందు కొలువు ఖాయం కావాలి, తరువాత పరీక్ష జరగాలి. ఈ క్రమాన్ని కార్మికుల ఓటుతో ఎన్నికైన గుర్తింపు సంఘంతో జరిగే స్ట్రక్చర్డ్ (చర్చల) సమావేశంలో రాతపూర్వకంగా ఒప్పుకుంటే, పరీక్ష పేరుతో వారసుల కొలువులకు కత్తెర పడుతుందన్న భయం పోతుంది. ఆ పరీక్షలో తేలిన వివరం, తరువాత పొందిన శిక్షణ, చేసిన యాక్టింగ్ రోజులు, పొందిన సర్టిఫికెట్లు అన్నీ ఒకే పద్దులోకి ఎక్కాలి. ఆ పద్దు కార్మికుడికి తన ఫోన్‌లో కనిపించాలి. ఖాళీ వచ్చినప్పుడు ముందుగా ఆ పద్దునే తెరవాలి.

సీనియర్లు అడిగే ప్రశ్న న్యాయమైనదే: పదేళ్లుగా జనరల్ మజ్దూర్‌గా ఉన్నవాడి సంగతేమిటి? పద్దు కొత్తవాళ్లకే పరిమితమైతే పాతవాళ్లకు అన్యాయం జరుగుతుంది. అందుకని మొదటి ఏడాదిలోనే ఇప్పటికే పనిలో ఉన్నవాళ్ల వివరాలూ ఎక్కించాలి. చదువు లేకపోయినా పదేళ్లు హాలర్ మీద చేయి తిరిగినవాడి పనితనానికి ఓవర్‌మన్, అండర్ మేనేజర్ సాక్ష్యంతో విలువ కట్టాలి. పనితనం అంటే సర్టిఫికెట్ ఒక్కటే కాదన్నది బాయిలో పనిచేసిన ఎవరికైనా తెలిసిన సంగతి.

కొలువు కాగితాల విషయంలో మారుపేర్ల సమస్య ఇంకా నలుగుతోంది. పాత రోజుల్లో ఒకడి పేరు మీద పిలుపు వస్తే ఇంకొకడు పనిలోకి పోవడం, బంధువు పేరుతో చేరడం మామూలే. అప్పటి క్లర్కులు, మేస్త్రీలు దాన్ని చూసీ చూడనట్టు వదిలేశారు. ఆ మనిషి ముప్పై ఏళ్లు ఆ పేరుతోనే బొగ్గు తవ్వాడు, ఆ పేరుతోనే జీతం తీసుకున్నాడు. పిల్లల సర్టిఫికెట్లలో మాత్రం తండ్రి అసలు పేరు ఉంది. వారసుడి దరఖాస్తు పెట్టగానే రెండు పేర్లు ఢీకొని విజిలెన్స్ విచారణలో ఫైలు ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు ఆ మనిషి చేత పని చేయించుకున్న కంపెనీ, అతడు ఎవరో తనకు తెలియదని చెప్పడం ధర్మం కాదు. వేరొకరి హక్కును కాజేసిన సందర్భాలను విడిగా తేల్చవచ్చు. మిగతావాళ్లకు వేలిముద్ర, ఫొటో, తోటి కార్మికుల వాంగ్మూలం, గ్రామంలో విచారణ ఆధారంగా ఒక గడువులోపు పరిష్కారం చూపాలి. మనుషుల లెక్క కంపెనీ సరిగ్గా రాసుకోకపోతే ఆ భారం మనవళ్ల తరం దాకా మోయాల్సి వస్తుందనడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ లేదు.

మెడికల్ బోర్డు గురించీ ఇక్కడే చెప్పాలి. కారుణ్య నియామకానికి ద్వారం కొత్తగూడెంలోని ఆ బోర్డే. అన్‌ఫిట్ అని రాస్తే ఇంటికి కొలువు, ఫిట్ అని రాస్తే అరిగిన మోకాళ్లతో మళ్లీ బాయి. ఇంత బరువైన నిర్ణయం ఎట్లా జరిగిందో తెలియనప్పుడు దళారులు పుడతారు. డబ్బులిస్తే అన్‌ఫిట్ చేయిస్తామని వసూళ్లు చేసినవాళ్లపై కేసులు నమోదైన సంగతి యాజమాన్యానికి తెలుసు. కేసులు పెట్టడం అవసరమే, కానీ దళారికి చోటు ఇచ్చేది గోప్యత. ఏ జబ్బుకు ఏ పరీక్ష, ఎంత తీవ్రత ఉంటే అనర్హత, ఏ కారణంతో ఫిట్ అని రాశారు, పైకి అప్పీలు ఎట్లా చేసుకోవాలి, ఇవన్నీ తెలుగులో అచ్చేసి ప్రతి బాయి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఫలితం కాగితం మీద కారణంతో సహా అదే వారంలో కార్మికుడి చేతికి రావాలి. బయటి ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు బోర్డులో ఉంటే నమ్మకం ఇంకా పెరుగుతుంది.

ఇక శిక్షణ. గని పనికి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదట శిక్షణ, ఆ తరువాత ఐదేళ్లకోసారి మళ్లీ శిక్షణ ఇవ్వాలని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు చెబుతున్నాయి. సింగరేణి ఏరియాల్లో గని వృత్తి శిక్షణ కేంద్రాలు (ఎంవీటీసీలు) అందుకోసమే ఉన్నాయి. ఈ కేంద్రాల వల్ల మేలు జరిగింది. క్యాప్ ల్యాంపు, సెల్ఫ్ రెస్క్యూయర్ వాడకం తెలియకుండా ఎవరూ దిగడం లేదు. కానీ శిక్షణ అక్కడితో ఆగితే అది ప్రాణం కాపాడుకునే పాఠమే అవుతుంది, పని నేర్పే పాఠం కాదు. అసలు పని కొత్తవాడు బాయిలోనే నేర్చుకోవాలి. అక్కడ నేర్పే పెద్దమనిషి తరం వేగంగా దిగిపోతోంది. 1980ల్లో చేరిన తరంలో చాలామంది పదవీ విరమణతోనో, అన్‌ఫిట్‌తోనో బయటికి వచ్చేశారు. పైకప్పు చప్పుడు విని చెప్పగలిగే చెవులు బాయిలో తగ్గిపోతున్నాయి.

ఆ జ్ఞానం పోతే ఏం జరుగుతుందో గోదావరిఖనికి తెలుసు. 2003 జూన్ 16న జీడీకే 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి పది మంది చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాలలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. ప్రతి ప్రమాదానికీ సాంకేతిక కారణాలు వేర్వేరు, శిక్షణ ఒక్కటే అన్నిటినీ ఆపేదని చెప్పలేం. అయినా పాత పని ప్రదేశాల్లో నీళ్లు ఎక్కడున్నాయి, పిల్లర్ ఎప్పుడు అరుస్తుంది, సర్దార్ వద్దన్నప్పుడు ఎందుకు ఆగాలి అన్నవి ముసలి కార్మికుడు కుర్రాడికి నేర్పాల్సినవే. పదవీ విరమణకు దగ్గరైన సర్దార్లు, టింబర్‌మెన్లు, సపోర్ట్‌మెన్లను చివరి రెండేళ్లు పూర్తిగా బోధన పని మీద ఉంచి, వాళ్లకు బోధన భత్యం ఇవ్వాలి. ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లను అప్పగించి, ఆరు నెలల తరువాత ఏం నేర్చుకున్నారో గని మేనేజర్ ముందు చూపించాలి. మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్లలో కూడా చేయి వణికినా మాట వణకనివాళ్లు ఉంటారు. వాళ్లను ఎంవీటీసీలకు పిలిపించి గౌరవ వేతనంతో పాఠాలు చెప్పించాలి.

మహిళల విషయంలో చట్టం ముందుకు నడిచింది, పని పంపిణీ వెనకబడింది. 1952 నాటి గనుల చట్టం మహిళలను భూగర్భంలోకి దించకూడదన్నది. 2019లో కేంద్రం ఇచ్చిన సడలింపుతో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో వాళ్లు పగటిపూట భూగర్భంలోకి దిగే వీలు, ఓపెన్‌కాస్టుల్లో రాత్రిపూట కూడా పని చేసే వీలు వచ్చింది. నస్పూర్‌లో కంపెనీ సొంత మహిళా పాలిటెక్నికే ఉంది. అయినా కారుణ్య నియామకంలో వచ్చిన ఆడపిల్లల్లో చాలామందికి దొరికేది ఆఫీసు ఊడ్చే పని, ఫైళ్లు మోసే పని. ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి జీఎం ఆఫీసులో టీ కప్పులు అందిస్తుంటే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు. వర్క్‌షాపు, సర్వే, వెంటిలేషన్, డంపర్ ఆపరేషన్, కంట్రోల్ రూమ్ పనులకు ఆమెను తీసుకునేలా శిక్షణ ఉండాలి. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, ఇంటికి చేర్చే బస్సు లేనిచోట మాత్రం అవకాశం అన్నది కాగితం మీదే ఉండిపోతుంది.

రోజువారీ నిర్వహణలో సింగరేణి గతంలో పెద్ద పాఠమే నేర్చుకుంది. ఒక రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద 1981లో కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఆ తరువాతి పదేళ్లలో ఏటా వందల చిన్నాపెద్దా సమ్మెలు జరిగాయి. కంపెనీ 1990లలో ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. దాని నుంచి బయటపడేసిన వాటిలో కేవలం ఆర్థిక ప్యాకేజీనే లెక్కలోకి తీసుకోవడం తప్పు. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నిక జరిగింది. గని స్థాయి నుంచి కార్పొరేట్ స్థాయి దాకా స్ట్రక్చర్డ్ సమావేశాలు మొదలయ్యాయి. మల్టీ డిపార్ట్‌మెంటల్ టీమ్‌లు బాయి బాయికీ పోయి కంపెనీ లెక్కలను కార్మికుల ముందు పరిచాయి. లాభాల్లో 10 శాతంతో మొదలైన వాటా 2024లో 33 శాతానికి చేరి, 796 కోట్ల రూపాయలు పంచారు. చెప్పి చేసినప్పుడు కార్మికులు కలిసివచ్చారు. ఇది దేశంలోని ఏ మేనేజ్‌మెంట్ కళాశాలైనా పాఠంగా చెప్పదగ్గ అనుభవం.

గైర్హాజరు విషయంలోనూ ఆ అనుభవాన్నే వాడుకోవాలి. తక్కువ మస్టర్లున్న కార్మికులను భార్యాబిడ్డలతో పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చే పద్ధతి సింగరేణిలో ఉంది, అది మంచి పద్ధతే. అయితే అందులో ఎక్కువ భాగం మందలింపుగానే సాగుతుంది. మనిషి ఎందుకు రాలేదు అన్నదానికి తాగుడు ఒక్కటే జవాబు కాదు. వడ్డీ అప్పులు, చెప్పుకోలేని జబ్బు, అలవాటు లేని చీకటి పని, మందమర్రిలో ఇల్లు ఉండగా భూపాలపల్లికి పడ్డ బదిలీ, చదువుకు తగని పని చేస్తున్నానన్న నామోషీ, వీటిలో ఏదైనా కావచ్చు. కారణం రాసుకోకుండా మస్టర్ మాత్రం రాసుకుంటే వైద్యం జరగదు. హాజరు వంద మస్టర్ల గీత కిందికి పడిపోకముందే కారణం తెలుసుకునే బాధ్యత వెల్ఫేర్ ఆఫీసర్‌కు అప్పగించాలి. డిస్మిస్ చివరి అడుగు కావాలి. విచారణలో కార్మికుడు తనకు అండగా మాట్లాడగల మనిషిని తెచ్చుకోవచ్చని, నోటీసు తెలుగులో ఉండాలని, అప్పీలుకు గడువు ఎంతో అందులోనే రాసి ఉండాలని పిట్ ఆఫీసులు గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు చెప్పినదంతా కంపెనీ రిజిస్టర్లలో ఉన్నవాళ్ల గురించి. సింగరేణి పనిలో మరో పాతిక వేల మందికి పైగా కాంట్రాక్టు కార్మికులున్నారు. ఆసుపత్రులు, కాలనీలు ఊడ్చేవాళ్లు, బెల్టులు శుభ్రం చేసేవాళ్లు, వాహనాలు నడిపేవాళ్లు, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసేవాళ్లు. 2024 దసరాకు పర్మినెంట్ కార్మికులకు సగటున 1.90 లక్షల రూపాయలు అందగా, కాంట్రాక్టు కార్మికులకు 5,000 రూపాయలు ఇచ్చారు. అంతకుముందు అది కూడా లేదు కనుక ఆ అడుగు మెచ్చుకోదగ్గదే, తేడా మాత్రం కళ్ల ముందే ఉంది. 2022 సెప్టెంబర్‌లో వీళ్లు రెండు వారాలకు పైగా సమ్మె చేసింది జీతం, భద్రత, గుర్తింపు కోసమే. అడ్రియాలలో చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు అధికారులు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. కూలే పైకప్పు ఎవరి పేరు ఏ రిజిస్టర్‌లో ఉందో చూడదు.

కాంట్రాక్టు కార్మికుడికి జరిగే అన్యాయాల్లో బయటికి అంతగా కనిపించనిది సర్వీసు చెరిగిపోవడం. టెండర్ మారితే కాంట్రాక్టర్ మారతాడు. అదే మనిషి అదే చీపురు పట్టి, అదే స్టీరింగు పట్టి మరుసటి రోజు పనికి వస్తాడు, కాగితం మీద మాత్రం కొత్తగా చేరినట్టే లెక్క. పదిహేనేళ్లు డంపర్ నడిపిన చేయికి ఒక్క ఏడాది అనుభవమే రుజువుగా మిగులుతుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలంది. ఇప్పుడు అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. కంపెనీ దీన్ని ఇంకో కాగితంగా చూడకుండా, పనితనం పద్దులో కాంట్రాక్టు కార్మికులనూ చేర్చాలి. టెండర్ మారినా ఆ పద్దు మారకూడదు. టెండర్ షరతుల్లోనే పాత మనుషులను కొనసాగించాలని, శిక్షణ ఇవ్వని కాంట్రాక్టర్‌కు బిల్లు ఆపుతామని రాయవచ్చు. కంపెనీలో ఖాళీలు వచ్చినప్పుడు ఆ అనుభవానికి మార్కులు ఇవ్వవచ్చు.

ఇదంతా ఇప్పుడే ఎందుకన్నదానికి కారణం ఉంది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. ఒడిశాలోని నైనీ బ్లాకులో 2025లో తవ్వకం మొదలైంది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 2016 నుంచి థర్మల్ కేంద్రం నడుస్తోంది, సోలార్ ప్లాంట్లు వచ్చాయి. అంటే ఈనాటి ఎస్‌డీఎల్ ఆపరేటర్ రేపు ఎక్కడ పనిచేయాలన్నది ముందే ఆలోచించాల్సిన పని. జర్మనీలోని రూర్ ప్రాంతంలో బొగ్గు గనులను మూసేయాలని 2007లోనే నిర్ణయించి, 2018 డిసెంబర్‌లో చివరి గనిని మూశారు. ఆ పదకొండేళ్లలో కార్మికులను ముందస్తు విరమణకు, వేరే పనులకు క్రమంగా మళ్లించారు, మూకుమ్మడిగా రోడ్డున పడేయలేదు. అక్కడి ప్రభుత్వానికి ఉన్న ధనం ఇక్కడ లేకపోవచ్చు, కానీ ఎవరికి ఏ పని వచ్చో తెలిసి ఉండటానికి అంత ధనం అక్కర్లేదు. గని మూసే తేదీ తెలిసిన రోజునే అందులోని ప్రతి మనిషికీ తరువాతి పని ఏదో, దానికి ఏ శిక్షణ కావాలో రాసి చెప్పగలగాలి. బదిలీ ఉత్తర్వు నోటీసు బోర్డు మీద చూసి తెలుసుకునే పద్ధతి పోవాలి.

కంపెనీ వచ్చే బ్యాచ్ కారుణ్య నియామకాలతోనే ఈ పద్దును శ్రీరాంపూర్, మందమర్రి, రామగుండం ఏరియాల్లో మొదలుపెట్టాలి. మెడికల్ బోర్డు నియమాలను తెలుగులో ప్రకటించి, మారుపేర్ల ఫైళ్లకు గడువు పెట్టాలి. కాంట్రాక్టు కార్మికులను మొదటి రోజు నుంచే ఆ పద్దులో చేర్చాలి. ఎంత మంది వివరాలు ఎక్కాయి, ఎంత మందికి చదువుకు, పనితనానికి తగిన పని దొరికింది అన్న లెక్కను ఏటా డిసెంబర్ 23న, సింగరేణి దినోత్సవం నాడు, ఉత్పత్తి లెక్కలతో పాటు కార్మికుల ముందు ఉంచాలని బోర్డుకు విజ్ఞప్తి.